రేకు మీద బొట్టు

కోహ్కా, భిలాయి.
ఆషాఢం. తెల్లారినప్పటి నుంచీ వాన.

వదినా,

నీ గొంతు ఎలాగున్నాదని అడగను. అడిగితే నువ్వు చెప్పాలి, చెప్పకూడదనే కదా డాక్టరు నీ నోరు కట్టేసినాడు. విజయనగరం ఫోన్ చేస్తే అవతల నీ ఊపిరి ఒక్కటే వినపడతాది. మధ్యలో మీ అక్క అప్పలనర్సమ్మ దూరి "అది తలాడిస్తంది, ఇప్పుడు చెయ్యి ఊపుతంది" అని క్రికెట్ కామెంట్రీ చెప్తాది. టైపు కొట్టి పంపుదామంటే ఆ అక్షరాలు చీమలంత, నా వేళ్లు అరటిపళ్లంత. అందుకే కాయితం మీదకి దిగాను. తొమ్మిదిలో బడి ఒగ్గేసిన దాన్ని, తప్పులుంటే నవ్వుకో. థైరాయిడ్ ఆపరేషను చేయించుకున్నోళ్లు నవ్వకూడదని ఎవరూ అనలేదు కదా.

అన్నయ్య బాగున్నాడు. నీ మొగుడు కాబట్టి వివరంగా రాస్తన్నాను. రైల్ మిల్లులో డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికొచ్చి తింటన్నాడు. తిన్నాక "రోహిణి అయితే పప్పులో ఇంగువ వేస్తాది" అని గోడకి చెప్తన్నాడు. గోడ ఊరుకున్నాది, నేనూ ఊరుకున్నాను. ఎన్నాళ్లో చెప్పలేను.

ఇక అసలు సంగతి. ఆపరేషనయ్యి నువ్వు రైలెక్కిన మర్నాడే సేఠ్ నన్ను ప్యాకింగ్ టేబుల్ దగ్గర నుంచి లేపి సర్క్యూట్ బోర్డుల మీద పేస్టు అచ్చేసే నీ ప్రింటర్ దగ్గర నిలబెట్టాడు. "రోహిణికి ఆడపడుచువి కదా, ఆ జాయేగా" అన్నాడు. చుట్టరికం వల్ల పని వచ్చేస్తాదేటి? అలాగైతే ఆయన మేనల్లుడికి ఈపాటికి బుర్ర రావాలి.

దీపావళి దాకా నీ చోటు నీకే ఉంచుతానన్నాడు. ఈలోగా బోర్డులు పాడైతే మాత్రం వాసవిని పెట్టేస్తాడట. వాసవి అంటే ఐటీఐ చదివి కొత్తగా చేరిన గుంట, స్టీలు ప్లాంటు సెక్టార్లలో పెరిగినాది. తెలుగోళ్ల పిల్లే గాని తెలుగు అక్షరం చూపిస్తే జిలేబీ అనుకుంటాది. మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. కానీ అది ఒకసారి నీ చోట్లో నిలబడితే మరి నిన్ను పిలవరు. అంటే నీ చోటు ఇప్పుడు నా చేతుల్లో ఉన్నాది. నా చేతులు ఎలాంటివో నీకు తెలుసు.

ఇంకోటి కూడా చేశాను. కోప్పడకు. నీకు మాట పోయిందని షెడ్డులో చెప్తే "గూంగీ" అని పేరెట్టేస్తారు, నీ అసలు పేరు మరి ఎవరికీ గుర్తుండదు. అందుకని, కంపెనీ చల్లగా ఉండాలని రోహిణి దీదీ దీపావళి దాకా మౌనవ్రతం పట్టినాది, అందుకే పుట్టింటికి ఎళ్లినాది అని చెప్పేశాను. అందరూ దండాలు పెట్టేశారు. సేఠ్ తల వంచుకుని వెళ్లిపోయాడు. సేఠ్ వాళ్లమ్మ, అందరూ మాజీ అని పిలిచే ఆవిడ, నీ పేరు మీద గురువారం గురువారం అరటిపళ్లు పంపిస్తన్నాది. నీ బదులు నేను తింటన్నాను.

ఆ స్టెన్సిల్ పని ఎలా చెయ్యాలో రాయి. నువ్వు చేస్తున్నప్పుడు చూశాను గాని, చూసింది నిన్ను, నీ చేతుల్ని కాదు. రోజంతా నిలబడి మోకాళ్లు వాచిపోనాయి. గుమ్మం దగ్గర ఎవరిదో ఒకరిది చెప్పు దాచకపోతే నాకు అన్నం అరగదని నీకు తెలుసు కదా. ఇప్పుడు దాచడానికి వంగలేకపోతన్నాను.

చిన్నమ్మలు


విజయనగరం.

చిన్నమ్మలూ,

నీ మౌనవ్రతం సంగతి చదివి కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మళ్లీ తీసి చదవడానికి చాలాసేపు పట్టింది. ఆపరేషన్ అయింది, మాట రావడం లేదు అంటే ఏం పోయేది? రేపు దీపావళికి నేను నోరు తెరిచి హారతి పాట పాడాలా?

సరే. నువ్వు అన్న మాట నువ్వే మొయ్యి. పని సంగతి రాస్తున్నాను, సరదా కాదు, సరిగ్గా చదువు.

బజార్లో ముగ్గు పళ్లెం అమ్ముతారు చూడు, కన్నాలుంటాయి, పిండి పోసి తుడిస్తే కింద ముగ్గు పడుతుంది. మన స్టెన్సిల్ కూడా అంతే. ఆ పల్చటి స్టీలు రేకులో కన్నాలున్నచోట టంకం పేస్టు దిగి బోర్డు మీద చుక్కగా పడుతుంది. ఆ చుక్కల మీదే బల్బులూ రెసిస్టర్లూ కూర్చుంటాయి. చుక్క తక్కువైతే అతకవు. ఎక్కువైతే పక్క చుక్కతో కలిసిపోతుంది.

పొద్దున వెళ్లగానే పేస్టు డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టు. చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత ముట్టుకోకు. తొందరపడి తీస్తే లోపల చెమట పడుతుంది, తర్వాత బోర్డు వేడి పెట్టెలోకి వెళ్లినప్పుడు ఆ తడికి పేస్టు చిటపటలాడి పూసలు పూసలుగా చిందుతుంది. తర్వాత గరిటెతో నెమ్మదిగా కలుపు. దోసెల పిండి కాదు, గిలక్కొట్టకు.

బ్లేడు వాలుగా పట్టుకుని ఒకటే లాగుడు. పేస్టు బ్లేడు ముందు తాడులా దొర్లుతూ రావాలి. రేకు మీద మెరుపు కనిపించేంత నొక్కితే చాలు. అంతకంటే బలం చూపించకు, ఆ బలం మా ఆయన మీద చూపించు.

రేకు అడుగు వైపు మధ్యమధ్యలో స్పిరిట్ గుడ్డతో తుడవాలి, నూగు రాలని గుడ్డ. భోజనానికి పోయేటప్పుడు పేస్టు రేకు మీద వదిలి పోకు. ఎండితే కన్నాలు మూసుకుపోతాయి. సాయంత్రం కడిగాక ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూడు, అన్ని కన్నాలూ వెలగాలి. వెలగని చోట మెత్తటి బ్రష్షు, స్పిరిట్, ఓపిక. పిన్నీసు పెట్టి పొడవకు. నీ గాజులకి పిన్నీసులు గుత్తులుగా వేలాడుతుంటాయి, ముందు వాటిని ఇంట్లో పెట్టి వెళ్లు.

అన్నీ అయ్యాక రేకుని గోటితో మెల్లిగా తట్టు. బిగువుగా ఉంటే కాచిన డప్పులా పలుకుతుంది. పలక్కుండా బద్దుమంటే సాగిపోయినట్టు. నిలబెట్టి దాచు, పడుకోబెట్టి దాని మీద ఏదీ పెట్టకు.

డాక్టరు బాగుందన్నారు.

రోహిణి


కోహ్కా, భిలాయి.
శ్రావణ శుక్రవారం. వాయనం శనగలు తింటూ రాస్తన్నాను, మరకలుంటే అవే.

వదినా,

నీ ఉత్తరం వాసవికి హిందీలో చదివి వినిపించాను. దోసెల పిండి దగ్గర నవ్వినాది. మీ ఆయన మీద బలం చూపించమన్న ముక్క మాత్రం మింగేశాను, అన్నయ్య పరువు అదొక్కటే మిగిలినాది.

మొదట్లో ఏటి చేశానంటే, పేస్టు డబ్బా మూత ముందే తీసేశాను. చూడాలని ఉంటాది కదా. సరిగ్గా నువ్వు రాసినట్టే పూసలు. ఆ బోర్డులన్నీ చూసి సేఠ్ గడియారం చూసుకున్నాడు. ఆయన తిడితే నేనూ ఏదో ఒకటి అందును, గడియారం చూసేవాడితో ఏటి మాట్లాడతాం.

ఇప్పుడు పర్లేదు. పేస్టు తాడులా దొర్లుతంది. అలా దొర్లినప్పుడు కాసేపు ఒళ్లు నొప్పులు గుర్తుండవు. వాసవి అడుగు వైపు తుడుస్తంది, నేను లాగుతన్నాను. సాయంత్రం రేకు తట్టి చూస్తన్నాను. పలుకుతన్నాది. అది పలికాకే నేను ఇంటికి ఎళ్తన్నాను.

ఇంటికెళ్లాక మాత్రం మనిషిని కాను. మా ఆయన చరోదా రైల్వే యార్డులో డ్యూటీ నుంచి వచ్చి "ఏటే, ఈమధ్య నన్ను ఏడిపించడం లేదు, ఒంట్లో బాగోలేదా" అన్నాడు. నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు వదినా. పెళ్లైన దగ్గర నుంచీ ఇదే మొదలు.

చిన్న ఇబ్బంది. దీపావళి లక్ష్మీపూజ దగ్గర నీ వ్రతం విడిపిస్తానని మాజీ అంటన్నాది. నీ నోట మొదటి మాట తనే వినాలట. దానికి పట్టుచీర కూడా తీసిపెట్టుకున్నాది. ఏదో ఒకటి ఆలోచిస్తాను. నువ్వు ఈలోగా ఒక్క మాటైనా తెచ్చుకో. "ఓం" అన్నా చాలు, అది ముక్కుతో కూడా వస్తాది.

చిన్నమ్మలు


విజయనగరం.
వినాయక చవితి దగ్గర్లో.

చిన్నమ్మలూ,

పేస్టు తాడులా దొర్లిందని రాశావు చూడు, ఆ ముక్క అక్కకి చూపించాను. దానికి అర్థం కాలేదు. అయినా సంతోషించింది.

ఇక్కడ పొద్దు గడవదు. అక్క అన్నీ తనే మాట్లాడుతుంది, నా మాటలు కూడా. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. బాగానే ఉంది.

విశ్వకర్మ పూజ వస్తోంది కదా. ఆ రోజు ఎవరి పనిముట్టుకి వాళ్లు బొట్టు పెట్టుకుంటారు, నా స్టెన్సిల్‌కి ఏటా నేనే పెడతాను. పైడితల్లమ్మ గుడి కుంకుమ పొట్లం ఇందులో పెట్టాను. నా బదులు నువ్వు పెట్టు. ఆ రోజు నేను అక్కడ లేకపోవడం నాకేం బాగాలేదు.

మోకాళ్లకి వేడినీళ్ల కాపడం పెట్టుకో.

రోహిణి


కోహ్కా, భిలాయి.
విశ్వకర్మ పూజ అయిపోయాక.

వదినా,

పూజ బ్రహ్మాండంగా జరిగినాది. షెడ్డు కడిగారు, మైకు పెట్టారు, బూందీ పంచారు. క్రేన్ రిమోట్ల బల్ల దగ్గరోళ్లు స్క్రూడ్రైవర్లకి దండలేశారు. నీ స్టెన్సిల్‌కి నేను పెట్టినట్టు ఎవరూ పెట్టలేదు. పెళ్లికూతురులా ఉన్నాది. ఇంతకంటే రాయను, నువ్వు ఏడుస్తావు.

ఊరికే ఒక మాట అడుగుతన్నాను. నా సంగతి కాదు, వేరే కంపెనీలో చేసే ఒకావిడ అడిగినాది. చిన్న రెసిస్టర్లు పడుకోవలసినవి ఒంటికాలి మీద లేచి నిలబడితే దేని వల్ల అవుతాది? అన్నీ కాదు. అంచుల్లో బాగానే ఉన్నాయట. మధ్య వరసల్లోనే. ఆవిడ పేస్టు మార్చినాది, బ్లేడు మార్చినాది, కింద గుడ్డతో గట్టిగా తుడిచినాది. తుడిచాక ఇంకా ఎక్కువయ్యాయట. పాపం ఆవిడకి నిద్ర లేదు.

సేఠ్ గడియారం చూడ్డం మానేసి క్యాలెండర్ చూస్తన్నాడు. వాసవిని ఆఫీసులోకి పిలిచి మాట్లాడినాడు. బయటికొచ్చి ఆ పిల్ల నా మొహం చూడలేదు.

ఆవిడకి తొందరగా రాయి.

చిన్నమ్మలు


విజయనగరం.

చిన్నమ్మలూ,

వేరే కంపెనీ ఆవిడకి చెప్పు, కుంకుమ రేకు మీద పెట్టకూడదని.

మధ్య వరసలు అన్నావు, అక్కడే నాకు తెలిసిపోయింది. తప్పు నాది కూడా. పెట్టమన్నాను గాని ఎక్కడో రాయలేదు. నేను పెట్టేది రేకు చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము మూల మీద, ఒక్క చుక్క. రేకుని ఎప్పుడూ ముట్టుకోను. నువ్వు పసుపు రాసి, నూనెతో తడిపి, నడి మధ్యలో వరసగా బొట్లు పెట్టి ఉంటావు. కొబ్బరినీళ్లు కూడా చిలకరించావేమో. ఆ తర్వాత గుడ్డతో తుడిచి పొడినంతా కన్నాల్లోకి కూరావు. రెసిస్టర్‌కి ఒక చివర పేస్టు దిగుతోంది, ఇంకో చివర దిగడం లేదు. వేడి తగలగానే దిగినవైపు పేస్టు రెసిస్టర్‌ని తన వైపు లాగేస్తుంది, రెండో కాలు పైకి లేస్తుంది.

గట్టిగా తుడవడం ఆపు. రెండు వైపులా స్పిరిట్ పోసి నాననివ్వు. మెత్తటి బ్రష్షుతో గుండ్రంగా, చంటిపిల్ల తల రుద్దినట్టు రుద్దు. లైటుకి పట్టి చూడు. మళ్లీ నానబెట్టు. విసుగొస్తే పక్కకి వెళ్లి కూర్చో. పిన్నీసు మాత్రం వద్దు.

ఇంకోటి రాయాలి. ఇన్నాళ్లూ బాగుంది బాగుంది అని రాశాను. ఇక్కడి డాక్టరు మొదటిసారే చెప్పారు, గొంతు నరం దెబ్బతిందని. గుసగుస వస్తుంది. గట్టిగా లాగితే బొంగురు వస్తుంది. అంతకంటే రాదు. మొన్న కూరల బజార్లో వంకాయలు అడిగితే ఆ కొట్టువాడు నాలాగే గుసగుసగా ధర చెప్పాడు. ఆటపట్టిస్తున్నానని వాడికే తెలియదు, నవ్వు మొహంతోనే ఉన్నాడు. వంకాయలు తీసుకోకుండా వచ్చేశాను.

ఆ షెడ్డులో కంప్రెసర్ మోతలో నేను ఎవరికి ఏం చెప్పగలను? కొత్త పిల్లలకి నేర్పేది నేనే కదా. అరిచి చెప్పకపోతే అక్కడ ఏదీ వినపడదు. నువ్వు ఇంక నా చోటు కాయకు. మోకాళ్లు పాడు చేసుకోకు. సేఠ్‌కి నిజం చెప్పెయ్యి. వాసవిని పెట్టుకోమను.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.

రోహిణి


కోహ్కా, భిలాయి.

వదినా,

నీ ఉత్తరం సోమవారం వచ్చినాది. పిన్నీసు శనివారమే దిగిపోనాది.

గాజుకి ఒకటే ఉన్నాది, మిగతావి నువ్వు చెప్పినట్టే ఇంట్లో పెట్టాను. ఆ ఒక్కటీ జాకెట్టు కోసం ఉంచుకున్నాను. వెలగని కన్నం ఒకటి ఎంతకీ వెలగకపోతే చెయ్యి దానంతట అదే ఎళ్లిపోనాది. కన్నం వెలిగినాది. పక్కన రేకు చిన్న సొట్ట పడి లేచిపోనాది. ఆ సొట్ట బోర్డుకి ఆనదు, పేస్టు కిందకి పాకిపోతంది. సాయంత్రం తట్టి చూశాను. పలకలేదు వదినా. బద్దుమన్నాది. అక్కడే కూర్చుండిపోయాను.

ఎగతాళి రాయడానికి ఈసారి ఏటీ దొరకడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని సేఠ్ దగ్గరికి ఎళ్లాను. రేకు సంగతి ముందు చెప్పాను. తిట్టాడు. గడియారం చూడకుండా, క్యాలెండర్ చూడకుండా, నన్నే చూసి తిట్టాడు. పడ్డాను. నన్ను ప్రింటర్ దగ్గర నుంచి తీసేశాడు. తర్వాత వ్రతం అబద్ధమని, నీ గొంతు ఇక రాదని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి "మాలూమ్ హై" అన్నాడు.

తెలుసట. మొదటి రోజే తెలుసట. నీ సెలవు కాయితం ఇవ్వడానికి అన్నయ్య ఎళ్లి, గొంతు నరం సంగతి అంతా చెప్పేశాడట. అన్నయ్యకి ఎలా తెలుసంటావా, ఆపరేషన్ రోజునే డాక్టరు ఆయనతో చెప్పాడు. నువ్వు బాధపడతావని ఆయన నీకు చెప్పలేదు, ఆయన బాధపడతాడని నువ్వు ఆయనకి చెప్పలేదు. మధ్యలో నేను పప్పు వండుతన్నాను.

మరి నన్ను ఇన్నాళ్లూ ఎందుకు ఆపలేదు సేఠ్ జీ అన్నాను. ఆయనేటన్నాడో తెలుసా. నీ వ్రతం కథ విని వాళ్లమ్మ కూడా గురువారాలు మౌనం పట్టినాదట. "మా ఇంట్లో వారానికి ఒక రోజు నాకు అత్తాకోడళ్ల గొడవ లేదు. దయచేసి అమ్మకి నిజం చెప్పకు" అన్నాడు. నేను ఊరందరినీ ఆడించాననుకున్నాను. ఆయన నన్ను ఆడించాడు. ముసలోడు గట్టివాడే.

ఇక అసలు మాట. పుణె నుంచి కొత్త స్టెన్సిల్ వస్తంది. "నాకు గొంతుతో పనేటి, ప్రింట్ కావాలి. దీపావళికి రోహిణి వస్తే ఆమే విప్పుతాది. రాకపోతే వాసవి విప్పుతాది, అంతే" అన్నాడు. మొదట చెప్పిన గడువే. ఒక్క రోజు కూడా పెంచలేదు.

నువ్వు అరిచి చెప్పకపోతే ఎవరికీ వినపడదన్నావు. వాసవి నీ గొంతు ఎప్పుడూ వినలేదు. నువ్వు ఎళ్లాక చేరిన పిల్ల అది. అయినా రేకు అడుగు తుడవడం, లైటుకి పట్టి చూడ్డం, తట్టి వినడం దానికి వచ్చు. నేను పిన్నీసు తీసినప్పుడు కూడా "దీదీ నే మనా కియా హై", దీదీ వద్దన్నాది కదా అని నా చెయ్యి పట్టుకున్నాది. విదిలించుకున్నది నేను. నీ మాట ఎవరికి వినపడలేదో ఇప్పుడు నువ్వే చెప్పు.

అన్నయ్యకి నీ ఉత్తరంలో ఆఖరి ముక్క చదివి వినిపించాను. "మిల్లులో నిలబడి నిలబడి నాకు సగం చెవులు లేవు. అది గట్టిగా అరిచినా నేను మొహం చూసే పోల్చుకుంటాను. రమ్మను" అన్నాడు. తర్వాత నేను వండిన పప్పు గురించి ఏటీ అనలేదు. దానికే నాకు భయమేసినాది.

నాకు ప్యాకింగ్ టేబుల్, స్టూలు మళ్లీ ఇచ్చారు. మోకాళ్లు చాలా సంతోషించాయి. నేను అలిసిపోయాను వదినా. నీ చోటు కాయడం ఇక నా వల్ల కాదు. వచ్చి నువ్వే కాసుకో.

చిన్నమ్మలు


ప్రింటర్ దగ్గర నుంచి,
ప్యాకింగ్ టేబుల్‌కి. వాసవి చేత.

చిన్నమ్మలూ,

కొత్త రేకు విప్పాను. లైటుకి పట్టి చూశాం, అన్నీ వెలిగాయి. వాసవి తట్టింది, నేను విన్నాను. బాగా పలికింది. ఫ్రేము మూల మీద ఒక్క చుక్క కుంకుమ పెట్టి, ఇక్కడ, ఇంకెక్కడా కాదు అని వేలితో చూపించాను. ఆ పిల్ల నీ వైపు చూసి నవ్వింది.

లక్ష్మీపూజకి మాజీ వచ్చి వెళ్లారు. మొదటి మాట కోసం చెవి నా నోటి దగ్గర పెట్టారు. "ఓం" అన్నాను, గుసగుసగా. వ్రతం వల్ల గొంతు ఎంత మెత్తబడిందో అని కళ్లు తుడుచుకున్నారు. ఈ పాపం నీ ఖాతాలో రాసుకో. అరటిపళ్లు మాత్రం ఈసారి నేనే తిన్నాను.

రాత్రి మీ అన్నయ్య పప్పు తిని గోడతో మాట్లాడలేదు.

టీ తాగి వచ్చినప్పటి నుంచీ స్టూలు మీద కూర్చునే అరుస్తున్నావు, నీ ఎడమకాలి చెప్పు ఎవరు దాచారని. అందరినీ అడిగావు, నన్ను తప్ప. నన్ను అడగాలంటే మాత్రం లేచి ఇక్కడిదాకా రా. అంత దూరం నేను అరవలేను.

రోహిణి